ఎండకు వెలిసిపోయిన ఆర్‌వీ ఫైబర్‌గ్లాస్‌కు మళ్లీ మెరుపు తెప్పించడం ఎలా?

పాత ఆర్‌వీ, అంటే ఇంటి వసతులతో ఉండే ప్రయాణపు బండి, కొనడానికి వెళ్లినవారు టైర్లు చూస్తారు, జనరేటర్ నడిపి చూస్తారు, లోపలి పరుపులు నొక్కి చూస్తారు గాని, బయటి గోడ మీద అరచేయి రుద్ది చూసేవారు అరుదు. అలా రుద్దితే, సున్నం కొట్టిన గోడకు ఆనుకొని లేచినప్పుడు చొక్కాకు అంటినట్టు, చేతికి తెల్లటి పొడి అంటుకుంటుంది. అది దారిలో పట్టిన దుమ్ము కాదు, ఎండకు చెడి పొడిగా మారిన గోడ పైపొర. కాబట్టి ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా తడి ఆరగానే గోడ మళ్లీ వెలవెలబోతుంది. అమెరికాలో సొంత ఆర్‌వీ కొనుక్కొనే తెలుగు కుటుంబాలు ఇప్పుడు అక్కడక్కడ కనిపిస్తున్నాయి. వాటిలో చాలావరకు సెకండ్‌హ్యాండ్ బండ్లే కాబట్టి, టెక్సస్, అరిజోనా ఎండల్లో ఏళ్ల తరబడి నిలబడిన గోడను మళ్లీ దారికి తెచ్చే పద్ధతిని వివరంగా చెప్పడం ఉపయోగమనిపించింది.

ముందుగా ఆ గోడ దేనితో తయారైందో తెలియాలి. ఫైబర్‌గ్లాస్ అని మనం పిలిచే గోడలో కంటికి కనిపించేది గాజునార కాదు, దాని మీద ఉండే జెల్‌కోట్ అనే పొర. ఇది రంగు కలిపిన పాలిస్టర్ రెజిన్, అంటే ఆరాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం. తయారీలో అచ్చు మీద మొదట దీన్నే పరచి, వెనుకవైపు నుంచి గాజునారను, మామూలు రెజిన్‌ను పేర్చుకుంటూ వస్తారు. పడవల్లోను, అచ్చులో పోసిన చిన్న ట్రైలర్లలోను ఈ పొర సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. పెద్ద ఆర్‌వీల పక్క గోడలకు అతికించే చదునైన షీట్లలో, అంటే ఫైలాన్ అనే పేరుతో ఆర్‌వీలవాళ్ల నోట నలిగే రకంలో, సాధారణంగా ఇంకా పలుచగా ఉంటుంది. కారు రంగు మీది క్లియర్‌కోట్ అనే పారదర్శక పొర ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే కాబట్టి, దానితో పోలిస్తే జెల్‌కోట్‌లో అరగదీయడానికి కాస్త వెసులుబాటు ఉంటుంది. అయితే ఒకసారి అరగదీసిన పొర మళ్లీ పెరగదు. ఈ పనిలో తీసుకొనే ప్రతి నిర్ణయం వెనుకా ఈ లెక్క ఉండాలి: చచ్చిన పొర పోవాలి, దాని కింద బతికి ఉన్నదాన్ని అవసరానికి మించి ముట్టుకోకూడదు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పైపొర రెజిన్‌ను క్రమంగా విచ్ఛిన్నం చేస్తాయి. రెజిన్ పోయిన చోట కంటికి కనిపించని గుంటలు పడతాయి, అందులో కుదురుగా ఉన్న రంగు రేణువులు వదులై పైకి తేలతాయి. నునుపైన తలం మీద పడిన వెలుతురు ఒకే దిక్కుకు తిరిగి రావడం వల్ల మనకు మెరుపు కనిపిస్తుంది. గుంటలు పడిన తలం మీద అదే వెలుతురు నలుదిక్కులా చెదిరిపోయి గోడ మసకబారినట్టు ఉంటుంది. గోడ మీద గ్లాసెడు నీళ్లు చల్లి చూస్తే ఈ సంగతి చప్పున తెలుస్తుంది. తడిసినంత మేర రంగు ముదురుగా, నిగనిగలాడుతూ కనిపించి, ఆరిన కొద్దీ మళ్లీ తెల్లబోతుంది. నీరు ఆ గుంటలను తాత్కాలికంగా పూడ్చడమే దీనికి కారణం. తడిపినప్పుడు మెరిసిన గోడను పాలిష్‌తో బాగు చేయవచ్చునని చాలావరకు నమ్మవచ్చు. తడిపినా మచ్చలు మచ్చలుగా, నారలు పైకి తేలినట్టుగా కనిపిస్తే జెల్‌కోట్ దాదాపు అయిపోయిందని అర్థం. దానికి పాలిష్ సరిపోదు, మళ్లీ రంగు వేయించాల్సిందే.

మీ బండి నిజంగా జెల్‌కోట్ బండేనా?

ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా అవుతుంది. ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ల పైతొడుగు అల్యూమినియం కాబట్టి ఈ పద్ధతి వాటికి వర్తించదు. ఖరీదైన డీజిల్ మోటార్‌హోమ్‌లలో (సొంత ఇంజిన్ ఉన్న ఆర్‌వీలలో) చాలావాటికి ఫైబర్‌గ్లాస్ మీద కార్లకు వేసినట్టే రంగు, దాని మీద క్లియర్‌కోట్ ఉంటాయి. వాటి మీద పడవల కోసం చేసిన గరుకు కాంపౌండ్ (పైపొరను అరగదీసే ముద్ద) వాడితే క్లియర్‌కోట్ కాస్తా లేచిపోతుంది. బండి ముందు, వెనుక భాగాల్లో ఉండే క్యాప్‌లు కొన్ని మోడళ్లలో ఫైబర్‌గ్లాస్ కాక ఏబీఎస్ ప్లాస్టిక్‌తో ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి, కనిపించని మూల ఒకచోట కాస్త పాలిష్ పెట్టి గుడ్డతో గట్టిగా రుద్దాలి. గోడ రంగు గుడ్డకు దిగితే పైన క్లియర్‌కోట్ లేదు. రంగు గోడకు తెల్ల గుడ్డ, తెల్ల గోడకు నల్ల గుడ్డ తీసుకుంటే అనుమానం మిగలదు. క్లియర్‌కోట్ పొలుసులు పొలుసులుగా లేస్తున్న బండి అయితే ఈ వ్యాసంలో చెప్పినదేదీ దానికి పనికిరాదు.

గోడ ఉబ్బి ఉందా అన్నది కూడా ఈ దశలోనే చూడాలి. గోడ పొడవునా పక్కగా కన్ను ఆనించి చూస్తే ఎక్కడైనా బుడగలా లేచినట్టు కనిపించవచ్చు. వేలి కణుపుతో కొట్టుకుంటూ పోతే ఆ మేర డొల్ల శబ్దం వస్తుంది. కిటికీ అంచుల నుంచో, పైకప్పు నుంచో లోపలికి నీరు చేరి, ప్లైవుడ్ నుంచి ఫైబర్‌గ్లాస్ షీటు ఊడిందనడానికి అది గుర్తు. మెరుపు సంగతి పక్కన పెట్టి ముందు ఆ కారుడు ఆపించాలి. పాలిషర్ (పాలిష్ రుద్దే యంత్రం) నొక్కితే ఉబ్బు ఇంకా పెరుగుతుంది కూడా. నక్షత్రాకారంలో విచ్చిన సన్నటి పగుళ్లు పాలిష్‌తో పోవు. వాటిని తెరిచి జెల్‌కోట్ పేస్టుతో పూడ్చి సాపు చేయడం వేరే పని.

అచ్చులో పోసిన కోడిగుడ్డు ఆకారపు చిన్న ట్రైలర్ల యజమానులు ఈ విషయంలో అదృష్టవంతులు. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో మొదలైన బోలర్, మిన్నెసోటాలోని బాకస్‌లో తయారయ్యే స్కాంప్, టెక్సస్‌లో తయారయ్యే కసీటా ఈ కోవలోవి. వాటికి అతుకులు తక్కువ, జెల్‌కోట్ మందం ఎక్కువ. ఎన్నో ఏళ్లు పెరట్లో పడి ఉన్న బోలర్ కూడా ఓపికగా రుద్దితే ఆశ్చర్యపడేంతగా తేరుకుంటుంది.

చోటు, వేళ, కొలత

గోడ చల్లగా ఉండాలి. అరచేయి ఆనించి హాయిగా ఉంచగలిగితే పని మొదలుపెట్టవచ్చు. చురుక్కుమంటే కాంపౌండ్ పని చేసేలోపే ఎండి గోడకు కరుచుకుపోతుంది. 50 నుంచి 85 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య, నీడలో పని చేయడం ఉత్తమం. నీడ దొరకనివారు పొద్దున పడమటి వైపు గోడ, సాయంత్రం తూర్పు వైపు గోడ పట్టుకుంటే సరిపోతుంది. ఒకే చోట నెలల తరబడి నిలిపిన బండికి దక్షిణం వైపు గోడ ఎక్కువగా దెబ్బతిని ఉంటుంది కాబట్టి రెండు వైపులకూ ఒకే మందు సరిపోతుందని అనుకోకూడదు. చాలా క్యాంప్‌గ్రౌండ్లలో బండి కడగనివ్వరు. స్టోరేజి యార్డుల్లో నీరు, కరెంటు దొరకడం కష్టం. ఇంటి ముందు నిలుపుదామంటే హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు చాలాచోట్ల ఒకటి రెండు రోజులకు మించి ఒప్పుకోవు. అందువల్ల ఒక వారాంతంలో ఒక వైపు మాత్రమే పూర్తి చేసి, వ్యాక్స్ (మైనపు పూత) కూడా పట్టించి బండిని తిరిగి యార్డుకు పంపే ఏర్పాటు చేసుకోవాలి. కాంపౌండ్ చేసి వ్యాక్స్ లేకుండా వదిలిన గోడ మునుపటికంటే త్వరగా చెడుతుంది.

ఎంత పని ఉందో లెక్క వేసుకోవడం మంచిది. 28 అడుగుల ట్రైలర్‌కు గోడ ఎత్తు 7 అడుగులనుకుంటే ఒక వైపు 196 చదరపు అడుగులు వస్తుంది. రెండడుగుల చదరాలుగా విడదీస్తే 49 చదరాలు. ఒక్కో చదరానికి కాంపౌండ్ రుద్దడం, తుడవడం, పాలిషర్ ప్యాడ్ శుభ్రం చేసుకోవడం కలిపి ఆరు నిమిషాలు పట్టినా దాదాపు అయిదు గంటలు. కిటికీలు, తలుపులు కొంత తగ్గిస్తాయి, నిచ్చెన ఎక్కి దిగడం ఆ కాస్తా తినేస్తుంది. పాలిష్, వ్యాక్స్ దీనికి అదనం. శనివారం మధ్యాహ్నానికి మొత్తం బండి అయిపోతుందనుకొని మొదలుపెట్టినవారు చివరి గోడను ఏదో అయిందనిపించడం మామూలే.

కడగడం పైకప్పు నుంచే

గోడ మీద నల్లటి చారలు ఎక్కడినుంచి వస్తున్నాయో చాలామంది గమనించరు. పైకప్పు మీద వేసిన ఈపీడీఎం రబ్బరు పొర కూడా ఏళ్లు గడిచే కొద్దీ పొడిగా రాలుతుంది. ఆ పొడి, దుమ్ము కలిసి వాన నీటితో పాటు గోడ మీదుగా దిగి చారలు కడతాయి. కాబట్టి ముందు పైకప్పు కడగాలి. రబ్బరు కప్పు మీద పెట్రోలియం ద్రావకాలు, నారింజ, నిమ్మ నూనెలు కలిసిన క్లీనర్లు వాడకూడదు. వాటివల్ల రబ్బరు ఉబ్బుతుంది. కప్పు కడుగుతున్నంత సేపు మరొకరు కింద గోడను నీటితో తడుపుతూ ఉంటే ఆ మురికి గోడకు పట్టదు.

గోడకు సబ్బు నీళ్లు కింది నుంచి పైకి పట్టించి, పైనుంచి కిందికి కడిగేయాలి. పైనుంచి సబ్బు పెడితే అది పొడిగోడ మీద ధారలు కట్టి ఆ చారలు వదలవు. పాత వ్యాక్స్‌ను వదిలించాలి కాబట్టి ఈ ఒక్కసారికి గిన్నెలు తోమే సబ్బు ద్రవం వాడవచ్చు. తర్వాత మామూలుగా కడిగేటప్పుడు మాత్రం వద్దు. ప్రెషర్ వాషర్ ఉన్నవారికి దాన్ని వాడాలని చెయ్యి లాగుతుంది గాని, కిటికీల చుట్టూ, మూలల పట్టీల వెంట, స్టిక్కర్ల అంచుల మీద దాని ముక్కును దగ్గరగా పెడితే అతుకులను మూసే సీలెంట్ లేచి నీరు గోడలోకి పోతుంది. స్క్రూల కింద దిగిన తుప్పు మరకలకు ఆక్సాలిక్ ఆమ్లం ఉండే బార్ కీపర్స్ ఫ్రెండ్ వంటి పొడిని తడిగుడ్డతో, చేతి తొడుగులు వేసుకొని, సున్నితంగా రుద్ది వెంటనే కడిగేయాలి. చెట్ల జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. కడిగిన నీటిని వీధి వాననీటి కాలువలోకి వదలడం చాలా నగరాల్లో నేరం కాబట్టి గడ్డి మీదకో, కంకర మీదకో పారేలా బండిని నిలపాలి.

చిట్లిన వినైల్ స్టిక్కర్లను తీసేయదలిస్తే అది ఇప్పుడే జరగాలి. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, మెత్తబడగానే ప్లాస్టిక్ బ్లేడుతో ఒక అంచు లేపి, గోడకు దాదాపు ఆనించినట్టుగా వెనక్కి లాగాలి. పైకి గుంజితే ముక్కలైపోతుంది. మిగిలిన జిగురును జిగురు తొలగించే ద్రావకంతో తుడిచేయాలి. స్టిక్కర్ కింద ఎండ తగలని జెల్‌కోట్ కొత్తగా ఉండి, చుట్టూ వెలిసి ఉండడం వల్ల స్టిక్కర్ నీడలాంటి ఆకారం గోడ మీద నిలిచిపోతుంది. చుట్టుపక్కల కాంపౌండ్ చేసిన కొద్దీ ఈ తేడా చాలావరకు కలిసిపోతుంది గాని, ముదురు రంగు గోడల్లో పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేం. ఉంచదలచిన స్టిక్కర్లకు, నల్ల రబ్బరు పట్టీలకు, కిటికీ అంచులకు, ప్లాస్టిక్ బిగింపులకు పెయింటర్స్ టేప్ అంటించాలి. నల్ల రబ్బరులో ఇరుక్కొని ఎండిన తెల్ల కాంపౌండ్‌ను తర్వాత టూత్‌బ్రష్‌తో గీకి తీయడం కంటే ఇప్పుడు టేపు వేయడం వందరెట్లు సుఖం.

పరీక్ష చదరం

ఏ మందు కొనాలన్న ప్రశ్నకు గోడే సమాధానం చెబుతుంది. వెనుక వైపు, నడుము ఎత్తులో రెండడుగుల చదరం టేపుతో గుర్తు పెట్టుకొని అన్నిటికంటే మెత్తని మందుతో ప్రారంభించాలి. మొదట క్లీనర్ వ్యాక్స్, అంటే శుభ్రం చేస్తూ మైనం పూసే ఏకకాలపు మందు. దానితో తేలకపోతే పాలిష్, ఆ తర్వాత ఆక్సిడేషన్ రిమూవర్ లేదా మధ్యరకం కాంపౌండ్, దానికీ లొంగకపోతే గరుకు కాంపౌండ్. 3ఎం, మెగ్వైర్స్ వంటి సంస్థలు పడవలు, ఆర్‌వీల జెల్‌కోట్ కోసం విడిగా తయారుచేసే రకాలు ఉన్నాయి. కార్ల కోసం చేసిన కాంపౌండ్లకు ఇంత మందపు పొడిపొరను కోసే శక్తి సాధారణంగా చాలదు. ఏ మెట్టు దగ్గర గోడ కోరినంత మెరిసిందో ఆ మెట్టుతోనే బండి మొత్తం చేయాలి. అంతకంటే గరుకైనది ఎంచుకుంటే పని త్వరగా అవుతుందన్న ఆశ మంచిది కాదు. గరుకు మందు వేసిన గీతలను తీయడానికి మళ్లీ మెత్తని మందు పట్టించాలి కాబట్టి కలిసొచ్చేదేమీ ఉండదు.

ఒక మెట్టు పూర్తయ్యాక మెరుపును నమ్మేముందు, సగానికి సగం నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ చదరాన్ని తుడిచి చూడాలి. కాంపౌండ్లలోని నూనెలు గుంటల్లో నిలిచి, లేని మెరుపును ఉన్నట్టు చూపిస్తాయి. ఆల్కహాల్‌తో తుడిచిన తర్వాత కూడా నిలిచినదే అసలు మెరుపు.

పాలిషర్ పట్టడం

చేత్తో రుద్ది మొత్తం ఆర్‌వీకి కాంపౌండ్ చేయడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. యంత్రం కావాలి. డ్యూయల్ యాక్షన్ పాలిషర్‌లో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వేడి ఒకచోట చేరదు, కొత్తవారి చేతిలో కూడా గోడ కాలిపోయే ప్రమాదం తక్కువ. రోటరీ పాలిషర్ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. ఊలు ప్యాడ్ తగిలించిన రోటరీకి ముదిరిన పొడిపొరను కోసే శక్తి చాలా ఎక్కువ, కాని ఒకచోట క్షణం ఎక్కువ నిలిపితే జెల్‌కోట్ కాలి పసుపుపచ్చగా మారుతుంది. మూలలు, మడతల మీద పొర సహజంగానే పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడ రోటరీ వద్దు. నా సలహా ఏమిటంటే, పక్క గోడలకు డ్యూయల్ యాక్షన్ సరిపోతే దానితోనే కానిచ్చి, ఎండ నేరుగా తగిలే, బండి ముందువైపు క్యాప్ లాంటి మొండి భాగాలకు మాత్రమే, అదీ నిమిషానికి 1,000 నుంచి 1,500 చుట్ల వేగంలో, రోటరీ తీయాలి. డ్రిల్లింగ్ మెషీన్‌కు ప్యాడ్ తగిలించుకోవడం ఈ సైజు పనికి చాలదు.

పని తీరు ఇలా ఉంటుంది. ప్యాడ్ మీద శనగగింజంత బొట్లు నాలుగైదు పెట్టి, యంత్రం ఆపి ఉంచే ప్యాడ్‌ను గోడకు ఆనించి చదరమంతా అద్దాలి. గాలిలోనే స్విచ్ వేస్తే కాంపౌండ్ చిమ్మి మొహం మీద, పక్కింటి కారు మీద పడుతుంది. తక్కువ వేగంలో ఒకసారి అంతటా పరిచి, వేగం పెంచి, ప్యాడ్ చదునుగా గోడకు ఆనేలా పట్టుకొని, సెకనుకు ఒక అంగుళం చొప్పున నిదానంగా, ప్రతి వరుస ముందరి వరుసను సగం కప్పేలా, మొదట అడ్డంగా, తర్వాత నిలువుగా నడపాలి. మొదటి రెండు వరుసల్లో తెల్లగా, పేస్టులా కనిపించే కాంపౌండ్ క్రమంగా పలుచనై, పలుచటి మసకలా మిగులుతుంది. అది ఎండి పొడి రాలకముందే ఆపి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. మరీ త్వరగా ఎండుతుంటే ప్యాడ్ మీద ఒకటి రెండు చుక్కల నీరు చిలకరించవచ్చు. టార్చిలైటును గోడకు ఏటవాలుగా పట్టి చూస్తే మిగిలిన మసక మచ్చలు, సుడిగీతలు స్పష్టంగా కనిపిస్తాయి. నేరుగా ఎదురుగా నిలబడి చూస్తే ఏ గోడైనా బాగానే ఉన్నట్టుంటుంది.

గోడ నుంచి ఊడిన చచ్చిన జెల్‌కోట్ అంతా ప్యాడ్‌లోకే చేరుతుంది. నాలుగైదు చదరాలయ్యేసరికి ప్యాడ్ గట్టిబడి, కోయడం మానేసి గోడను పులమడం మొదలుపెడుతుంది. మందు పనిచేయడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం ఈ మురికి ప్యాడే. ఊలు ప్యాడ్‌ను పళ్ల చక్రంతో, నురుగు ప్యాడ్‌ను గట్టి నైలాన్ బ్రష్‌తో ప్రతి చదరం తర్వాత దులపాలి, కనీసం మూడు నాలుగు ప్యాడ్లు చేతిలో ఉంచుకొని మారుస్తూ ఉండాలి. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు తప్పనిసరి. కరెంటు తీగను భుజం మీదుగా వెనక్కి వేసుకుంటే అది గోడను గీరదు, ప్యాడ్‌కు చుట్టుకోదు. నిచ్చెన మీద ఒక చేత్తో యంత్రం పట్టుకొని సాగిలపడి చేసే పని ప్రమాదం కాబట్టి, రెండు బల్లలపై పలక వేసిన వెడల్పాటి వేదిక ఏర్పాటు చేసుకోవాలి.

గరుకు కాంపౌండ్‌కు కూడా లొంగని చోట నీటి శాండింగ్ మిగిలి ఉంటుంది. సబ్బు నీటిలో నానబెట్టిన 1000 నంబరు కాగితాన్ని మెత్తటి దిమ్మెకు చుట్టి ఒక దిశలో, తర్వాత 1500 నంబరుతో దానికి అడ్డంగా, చివరికి 2000 నంబరుతో మళ్లీ మొదటి దిశలో రుద్దితే ముందరి కాగితం గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. ఆ తర్వాత కాంపౌండ్, పాలిష్ యథావిధిగా. మందపు జెల్‌కోట్ ఉన్న క్యాప్‌లకు, అచ్చు ట్రైలర్లకు ఇది చేయవచ్చు. పలుచటి షీటు గోడల మీద మాత్రం మొత్తంగా శాండింగ్ చేయడాన్ని నేను సమర్థించను. రుద్దుతున్న చోట రంగు పలుచబడి లోపలి నారల అల్లిక నీడలా కనిపిస్తే ఆ క్షణమే చెయ్యి తీసేయాలి. నీటితో చేసే ఈ పనికి కరెంటు యంత్రం వాడకూడదు.

వ్యాక్స్, సీలెంట్, సిరామిక్

కాంపౌండ్ చేసిన గోడ నునుపుగా ఉన్నా దాని సూక్ష్మ రంధ్రాలు తెరుచుకొనే ఉంటాయి. వాటిని మూసి, ఎండకు ఎదురు నిలిచే పొర ఒకటి పైన ఉండాలి. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే కార్నౌబా మైనం లోతైన మెరుపునిస్తుంది గాని, ఎండ ప్రాంతాల్లో కొన్ని నెలలకు మించి నిలవదు. సింథటిక్ సీలెంట్లు, అంటే మైనం బదులు పూసే కృత్రిమ పూతలు, అంతకంటే ఎక్కువ కాలం వస్తాయి. కాలినైట్ వారి 885 ఫ్లీట్‌వ్యాక్స్ వంటి పడవల మైనాలు ముద్దగా, గట్టిగా ఉండి పూయడానికి శ్రమ అనిపించినా, ఆర్‌వీ గోడలకు బాగా ఆగుతాయి. ఏది వాడినా పలుచగా పూయాలి. మందంగా పూసిన మైనంలో ఎక్కువ భాగం తుడుపు గుడ్డకే పోతుంది, ఆ తుడవడానికి పట్టే శ్రమ రెట్టింపవుతుంది. వేలితో గీస్తే శుభ్రంగా తొలగేంత ఆరాక తుడిచి, కొన్ని గంటల తర్వాత రెండో పూత వేస్తే మొదటి పూతలో వదిలిన ఖాళీలు నిండుతాయి.

సిరామిక్ కోటింగ్ ఏళ్ల తరబడి ఉంటుందని అమ్ముతారు. మంచి కోటింగ్ నిజంగానే వ్యాక్స్ కంటే చాలా కాలం ఉంటుంది. కాని అది కింద ఉన్న మసకను, సుడిగీతలను అలాగే బంధించేస్తుంది కాబట్టి, అన్ని మెట్లూ శుభ్రంగా పూర్తి చేసి, ఆల్కహాల్‌తో నూనె తుడిచిన గోడకే అది తగినది. ఆరు బయట, గాలి దుమ్ములో 49 చదరాల గోడకు కొత్త చేతితో సిరామిక్ పూయడం కంటే మంచి సీలెంట్ ఏడాదికి రెండుసార్లు పూయడమే మేలని నా అభిప్రాయం.

ఫ్లోర్ పాలిష్ చిట్కా గురించి

పాత ఆర్‌వీలవాళ్ల మధ్య బాగా చలామణీలో ఉన్న మరో దారి ఉంది. గోడను బార్ కీపర్స్ ఫ్రెండ్‌తో పొడి పోయేదాకా రుద్ది కడిగి, ఆరాక పాలీ గ్లో అనే కిట్‌నో, జెప్ వంటి కంపెనీల అక్రిలిక్ ఫ్లోర్ ఫినిష్‌నో మెత్తటి గుడ్డతో నాలుగు నుంచి ఆరు పలుచటి పూతలుగా పూస్తారు. ఒక్కో పూత నిమిషాల్లో ఆరిపోతుంది. పాలిషర్ అక్కర్లేదు, ఒక వారాంతంలో బండి అంతా అద్దంలా కనిపిస్తుంది. గ్లాసెడు నీళ్లు చేసిన పనినే ఇక్కడ ప్లాస్టిక్ పొర చేస్తోంది: గుంటలను పూడ్చి పైన నునుపు తలం ఇస్తోంది, అంతే తప్ప జెల్‌కోట్‌ను బాగు చేయడం లేదు.

దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. జెల్‌కోట్ ఇక కాంపౌండ్‌కు తట్టుకోలేనంత పలుచబడిన బండికి, యంత్రం ఎత్తి పట్టలేని పెద్దవయసువారికి ఇది గౌరవప్రదమైన మార్గమే. అయితే కింద పొడి ఏమాత్రం మిగిలినా అక్కడినుంచి పొరలు పొరలుగా లేస్తుంది. ఏటా ఒకటి రెండు పూతలు మళ్లీ వేయకపోతే ఎండకు పసుపుపచ్చబడుతుంది. అప్పుడు అమ్మోనియా ఉండే ఫ్లోర్ స్ట్రిప్పర్‌తో మొత్తం కడిగి తీయాలి. ఆ కడుగుడు పని కాంపౌండ్ పనికంటే విసుగ్గా ఉంటుందని చేసినవారెవరైనా చెబుతారు. గోడలో ఇంకా సత్తువ ఉన్న బండికి ఈ దారి పట్టవద్దు. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవారు కూడా, పాత మోడల్ గోడలు అనుమానం కలిగేంతగా తళతళలాడుతుంటే, కిటికీ మూలల్లోను, తలుపు గొళ్లెం చుట్టూను పసుపుపచ్చటి అంచులు, లేస్తున్న పొర ఉన్నాయేమో చూసుకోవాలి.

తర్వాతి సంరక్షణ

ఇకమీదట ఆర్‌వీల కోసం చేసిన, గాఢత తక్కువ ఉన్న సబ్బుతోనే కడగాలి. నీరు ముత్యాల్లా నిలవడం మానేసి పలుచగా పరుచుకుంటోందంటే వ్యాక్స్ అరిగిందని గుర్తు. అప్పుడే పూత వేస్తే కాంపౌండ్ దాకా పోనక్కర్లేదు. శీతాకాలం నిల్వకు పంపేముందు ఒకసారి, వేసవి ప్రయాణాలకు ముందు ఒకసారి పూయడం చాలామందికి కుదిరే లెక్క. కిటికీల రబ్బరుకు, స్లైడ్‌ఔట్ (బయటికి జరిగే గది భాగం) పట్టీలకు 303 అనే బ్రాండు వంటి యూవీ రక్షణ ద్రవం వాడవచ్చు గాని దాన్ని గోడకు వ్యాక్స్‌కు బదులుగా అనుకోకూడదు.

షెడ్డు దొరికితే అంతకు మించిన రక్షణ లేదు. దొరకనివారు గాలి ఆడే గుడ్డ కవరు వాడవచ్చు. అయితే మురికి గోడ మీద వదులుగా కట్టిన కవరు గాలికి కొట్టుకుంటూ, మధ్యలో చిక్కిన ఇసుకతో రాత్రింబవళ్లు గోడను అరగదీస్తుంది కాబట్టి, కడిగి ఆరిన బండికే, బిగుతుగా పట్టీలు లాగి కట్టాలి. చారలు మళ్లీ రాకుండా చేసే చవకైన ఉపాయం పైకప్పు నీటి గొట్టాల దగ్గర ఉంది. మూలల్లో ఉండే పొట్టి ప్లాస్టిక్ ముక్కులకు బదులు, గోడకు నాలుగైదు అంగుళాలు దూరంగా నీటిని విసిరే పొడుగు ముక్కులను బిగించి, బండిని ఆ మూలవైపు కాస్త వాలుగా నిలిపితే వాన నీరు గోడను తాకకుండానే నేలపడుతుంది.